చెట్టుకు దూరమైన కల్లు: మండువ కాంపౌండుగా మారిన తీరు

తెలంగాణ పల్లెల్లో అరవై ఏళ్లు దాటిన వాళ్లను కల్లు గురించి కదిలిస్తే దాదాపు అందరి నోటా ఒకే మాట వస్తుంది: "అప్పటి కల్లు వేరు, ఇప్పటి కల్లు వేరు." ఆ వెంటనే ఊరి బయట తాటిచెట్ల నీడలో కల్లు పోసే చోటైన మండువ, అక్కడ కూర్చున్న మనుషులు, ఆకు రేకలో పోసిన కల్లు, పక్కన పెట్టుకున్న గుడాలు (ఉడికించిన గింజలు) అన్నీ వరసగా గుర్తు చేసుకుంటారు. ఇప్పుడు అదే ఊళ్లో ప్రహరీ గోడ మధ్య రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, పాత బీరు సీసాల్లో నింపిన తెల్లటి ద్రవం ఉన్న కల్లు కాంపౌండు ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందని అడిగితే మనుషుల్లో దురాశ పెరిగిందని కొందరు, ప్రభుత్వం పట్టించుకోలేదని కొందరు, జనానికి నిషా ఎక్కువ కావలసి వచ్చిందని మరికొందరు అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, కానీ వీటన్నింటి కింద ఒక మూలకారణం ఉంది. కల్లు తాగే మనిషికీ, కల్లు పారే చెట్టుకూ మధ్య దూరం పెరిగింది. ఆ దూరాన్ని ఎవరు పెంచారో, ఎందుకు పెంచారో, దాన్ని ఏ పదార్థంతో పూడ్చారో తెలుసుకుంటే మండువ కాంపౌండుగా మారిన కథ చాలావరకు అర్థమవుతుంది.

ముందు కల్లు స్వభావం తెలియాలి. సారా, బ్రాందీ, బీరు వంటివి ఒకచోట తయారై, సీసాల్లో నిలవుండి, వందల మైళ్లు ప్రయాణించి మరోచోట అమ్ముడుపోతాయి. కల్లుకు ఆ ఓపిక లేదు. తాటి గెలనో, ఈత మొవ్వ కింది భాగాన్నో గీసినప్పుడు ఊరే రసం మొదట తియ్యటి నీరా. లొట్టిలోనూ (రసం పట్టే కుండ) గాలిలోనూ ఉండే ఈస్టు, కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ రసంలోని చక్కెర మీద పని మొదలుపెడతాయి కాబట్టి చెట్టు మీద వేలాడుతుండగానే అది పులవడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది. పొద్దు ఎక్కేకొద్దీ తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది, మర్నాటికి పులుపు ముదిరి అది వినెగర్ దారి పడుతుంది. అంటే కల్లుకు మంచి వయసు ఒక్క పూటే. ఈ ఒక్క లక్షణమే ఒకప్పుడు కల్లు అమ్మకాన్నీ, తాగుడునూ, తాగే చోటునూ నిర్ణయించింది. చెట్టు దగ్గరికి మనిషి రావాలి, లేదా దించిన లొట్టి ఎండ ముదరకముందే మనిషిని చేరాలి. మూడో దారి లేదు.

మండువ పుట్టింది ఈ అవసరంలోంచే. తాటివనానికి ఆనుకుని, చెరువు కట్ట కిందో వాగు ఒడ్డునో, నీడ ఉన్న చోట కల్లు గీసే గౌడులు తమ చెట్ల కల్లు తెచ్చి పెట్టుకునే చోటు అది. నల్లగొండ జిల్లాలో మా మేనమామల ఊరి మండువకు గోడ లేదు, తలుపు లేదు, బోర్డు అంతకన్నా లేదు. చిన్నప్పుడు సెలవుల్లో పెద్దవాళ్ల వెంట వెళ్లి చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. గౌడు నడుముకు ముత్తాదు పట్టీ, చెట్టు చుట్టూ మోకు తాడు, కాళ్లకు గుజి బంధం వేసుకుని అరవై అడుగుల తాటిచెట్టును పాదాలతో తడుముతూ ఎక్కేవాడు. పైన గీత కత్తితో గెల కొసను కాగితమంత పలచగా చెక్కేవాడు. ఎక్కువ లోతు తెగితే గెల ఎండిపోతుంది, తక్కువ తెగితే ఊట రాదు. ఆ కొలత చేతికి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. నిండిన లొట్టి నడుముకు తగిలించుకుని దిగి, అందులో పడి చచ్చిన తేనెటీగలనూ చీమలనూ వడగట్టి, నురుగు అణగేదాకా కాసేపు ఆగేవాడు. తాగేవాడు తాటాకు రేకను దోసిలిలా మడిచి రెండు చేతులా పట్టుకుంటే గౌడు పైనుంచి సన్నటి ధారగా పోసేవాడు. "ఏం గౌడన్నా, ఇయ్యాల ఊట మంచిగున్నదా?" అని అడగడం అక్కడ పలకరింపు కూడా, నాణ్యత విచారణ కూడా. ఎవరి చెట్టు కల్లు తియ్యగా ఉంటుందో, ఏ చెట్టుది వగరో ఊరందరికీ తెలుసు. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అంటూ కాలాన్ని బట్టీ చెట్టును బట్టీ రుచులకు వేర్వేరు పేర్లుండేవి. చలికాలంలో ఈతకల్లుకు, ఎండాకాలంలో తాటికల్లుకు అభిమానులు వేరుగా ఉండేవారు.

అమ్మకపు పద్ధతి కూడా చెట్టు చుట్టూనే అల్లుకుని ఉండేది. చాలా కుటుంబాలకు ఒక గౌడుతో వాడిక ఉండేది. ఏడాది పొడవునా ఇంటికో మండువకో కల్లు పోస్తే, పంట వచ్చాక కల్లంలో గింజలు కొలిచేవారు. నగదు చేతులు మారేది తక్కువ. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. కల్లు పాడైతే, నీళ్లు కలిస్తే, అడగడానికి గీసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. అతని పేరు, ఇల్లు, చెట్టు అన్నీ తెలుసు. నాణ్యతకు అంతకు మించిన తనిఖీ అధికారి అవసరం లేకపోయింది.

మండువ తాగుడుకు మాత్రమే కాదు, ముచ్చటకు కూడా అడ్డా. నాట్లు ముగించుకుని వచ్చిన కూలీలు, సంత నుంచి తిరిగొచ్చిన వాళ్లు, భూమి తగాదా తెంచుకోవడానికి కూర్చున్న అన్నదమ్ములు, పెళ్లి మాటలు నడిపే పెద్దలు అక్కడ కనిపించేవారు. ఉడకబెట్టిన గుడాలు, కాల్చిన ఎండుచేపలు, పండుగ పూట బోటి కూర తెచ్చుకునేవారు. తెలంగాణలో కష్టం చేసే ఆడవాళ్లు కూడా మగవాళ్లతో పాటు కల్లు తాగడం మామూలు విషయం. నాట్లు వేసి నడుము నొప్పితో వచ్చిన తల్లి ఒక రేక తాగితే తప్పు పట్టినవాళ్లు లేరు. ఎల్లమ్మకు, పోచమ్మకు బోనం ఎత్తినా, ఇంట్లో పెద్దకర్మ జరిగినా కల్లు సాక పోయకుండా కార్యం పూర్తయ్యేది కాదు. గౌడుల కులదైవం కాటమయ్యకు తాటివనంలోనే మొక్కు చెల్లేది. మొగల్ సుబేదార్లను ఎదిరించి కోటలు పట్టిన సర్దార్ సర్వాయి పాపన్న ఈ గీత కులంలోంచే వచ్చాడన్న గర్వం ఆ కబుర్లలో తరచూ వినిపించేది.

ఈ జ్ఞాపకాలను ప్రేమతోనే చెబుతున్నాను గానీ, మండువ అందరికీ ఒకేలా ఉండేదని మాత్రం చెప్పలేను. దళితులను దూరంగా కూర్చోబెట్టి, తాకకుండా పైనుంచి పోయడం, వాళ్లకు వేరే లొట్టి కేటాయించడం చాలా ఊళ్లలో జరిగింది. దొర మనిషి వస్తే లేచి నిలబడవలసి వచ్చేది. వాడిక పద్ధతిలో గౌడుకు రావలసిన గింజలు ఎగ్గొట్టిన పెద్ద రైతులూ ఉన్నారు. చెట్టు మీద నుంచి పడి చచ్చిపోయిన వాళ్ల కుటుంబాలకు ఏ ఆదరువూ ఉండేది కాదు. ఈ రోజు కాంపౌండులో డబ్బు చెల్లించిన ప్రతివాడికీ ఒకే రకం కుర్చీ, ఒకే రకం సీసా దొరుకుతాయి. పాతదాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ ఒక్క మేలునూ మరవకూడదు.

చెట్టుకూ మనిషికీ మధ్య మొదటి అడ్డుగోడ కట్టింది ఆబ్కారీ, అంటే మద్యం మీద సర్కారు పన్ను వ్యవస్థ. నిజాం పాలనలో ఖజానాకు భూమిశిస్తుతో పాటు ఆబ్కారీ రాబడే పెద్ద ఆధారం. 1316 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో, హైదరాబాదు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు ఎవరి పట్టా భూమిలో ఉన్నా గీత మీద హక్కు సర్కారుదే. చెట్లకు నంబర్లు వేసి, చెట్టుకింత రఖం (పన్ను) కట్టించి, కల్లు అమ్మే హక్కును ప్రాంతాల వారీగా హర్రాజు వేసేవారు. హర్రాజులో గెలిచేవాడికి చెట్టు ఎక్కడం రానక్కరలేదు, పెట్టుబడి ఉంటే చాలు. అలా గీసేవాడికీ తాగేవాడికీ మధ్య గుత్తేదారు వచ్చి కూర్చున్నాడు. గౌడు తన చెట్టుకు తనే కూలీ అయ్యాడు. ఈ రాబడి నిజాంకు ఎంత ప్రాణప్రదమో ఉద్యమకారులకు తెలుసు కనుకనే 1947లో భారత్‌లో విలీనం కోరుతూ సాగిన పోరాటంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఈతచెట్లను నరికే కార్యక్రమాన్ని చేపట్టింది. సర్కారుకు తగిలిన ఆ దెబ్బ ఆ చెట్ల మీద బతికే కుటుంబాలకూ తగిలింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. తాటిచెట్లకు ఆంధ్ర ప్రాంతంలోనూ కొదువ లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, ఉత్తరాంధ్ర తీరంలో అవి లక్షల కొద్దీ ఉన్నాయి. శెట్టిబలిజ, ఈడిగ, యాత, శ్రీశయన వంటి గీత కులాలు అక్కడా ఉన్నాయి. మరి కల్లు కాంపౌండు అనగానే తెలంగాణే ఎందుకు గుర్తొస్తుంది? దీనికి జవాబు చరిత్రలో ఉంది. ఆంధ్ర ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. యుద్ధకాలంలో వెనకపట్టు పట్టినా 1948 నాటికి ప్రెసిడెన్సీ అంతటా నిషేధం అమలైంది. ఆ నిషేధంలో కల్లు కూడా ఉంది. గీత మానేసిన కుటుంబాలు వీధిన పడ్డాయి, దొంగచాటు గీత మొదలైంది, కేసులు పెరిగాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గౌతు లచ్చన్న గీత పనివారల పక్షాన ఉద్యమం నడిపారు. నిషేధాన్ని సమీక్షించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయాలని సూచించినా ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఈ అంశం మీదే అవిశ్వాస తీర్మానం వచ్చి ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక రాష్ట్రపు మొదటి మంత్రివర్గం కల్లు ప్రశ్న మీద కూలిపోవడాన్ని బట్టి ఆ వృత్తి మీద ఎన్ని పొయ్యిలు వెలిగేవో ఊహించుకోవచ్చు.

ఈ తేడా ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. కోస్తాలో కల్లు చాలాకాలం చాటుమాటు వ్యవహారంగా ఉండి, తర్వాత కూడా తోటల్లోనూ పాకల్లోనూ చిన్న స్థాయిలోనే మిగిలింది. పట్నం నడిబొడ్డున పెద్ద దుకాణంగా ఎదిగే అవకాశం దానికి దొరకలేదు. తెలంగాణలో హర్రాజు తెగకుండా సాగింది కాబట్టి గుత్తేదారు బలపడ్డాడు, దుకాణం పెద్దదైంది, కల్లు రోజువారీ వ్యాపార సరుకైంది. ఒకచోట చట్టం కల్లును తరిమింది, మరోచోట చట్టమే దానికి యజమానిని తెచ్చిపెట్టింది.

గుత్తేదారు మీద తిరుగుబాటు తెలంగాణలో గట్టిగానే జరిగింది. గీసేవాడికే చెట్టు దక్కాలని, హర్రాజు పోవాలని గీత కార్మికులు సంఘం కట్టారు. సూర్యాపేట ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు, తర్వాత నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైన బొమ్మగాని ధర్మభిక్షం ఆ ఉద్యమానికి పెద్ద దిక్కు. ఆ ఒత్తిడి ఫలితంగానే గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చాయి. సొసైటీ సభ్యులు తమ పరిధిలోని చెట్లు గీసి, తమ దుకాణంలో తామే అమ్ముకోవడం ఆ ఏర్పాటు. సంఘంలో లేని గౌడుకు వ్యక్తిగతంగా చెట్లు కేటాయించే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సు మరో ఏర్పాటు. కాగితం మీద చూస్తే ఇది గుత్తేదారును తీసేసి గీసేవాణ్ని, తాగేవాణ్ని మళ్లీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతే. దీన్ని సాధించిన వాళ్ల త్యాగాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను.

అయితే చాలాచోట్ల పాత గుత్తేదారు కొత్త వేషంలో తిరిగొచ్చాడు. నిజామాబాద్, కామారెడ్డి వైపు అతన్ని ముస్తేదారు అంటారు. లైసెన్సు సొసైటీ పేరు మీదే ఉంటుంది. దుకాణం నడిపే హక్కును మాత్రం సొసైటీలోనే వేలం పాడుకుని ఒకరో ఇద్దరో తీసుకుంటారు, సభ్యులకు ఏడాదికింత అని పంచుతారు. చెట్టు ఎక్కలేని వయసులో ఉన్న సభ్యుడికీ, చెట్టు ఎక్కడం నేర్చుకోని అతని కొడుక్కీ ఆ వాటా ఊరటే. కానీ ముస్తేదారుకు ఒక లెక్క మొదలవుతుంది. పాట పాడిన డబ్బు తిరిగి రావాలి, దాని మీద లాభం రావాలి. చెట్లు ఇచ్చే కల్లుకు ఒక హద్దు ఉంది, పైగా అది ఋతువును బట్టి మారుతుంది. వానాకాలం మధ్యలో ఊట సన్నగిల్లినా దుకాణం ముందు నిలబడే జనం తగ్గరు. హద్దులేని గిరాకీనీ, హద్దున్న చెట్టునూ ఒక లెక్కలో కుదర్చాలంటే దారి ఒక్కటే: కల్లు కానిదాన్ని కల్లుగా అమ్మడం.

హైదరాబాదులో ఈ లెక్క మరింత దారుణం. పాతబస్తీ వాళ్లు సేంధీ అని పిలిచే కల్లు ఒకప్పుడు నగరపు అంచుల్లోని ఈతవనాల నుంచే వచ్చేది. నగరం ఆ వనాలను మింగేసింది. చెట్లు యాభై, అరవై కిలోమీటర్ల అవతలికి జరిగాయి, తాగే కూలీలు మాత్రం నగరం మధ్యలోనే ఉన్నారు. మామూలు లారీలోనో ఆటో ట్రాలీలోనో ఎండలో అంత దూరం వచ్చిన కల్లు చేరేసరికి పులిసి ముక్కుకు ఘాటు కొడుతుంది. దాన్ని తియ్యబరచడానికి సాక్రిన్ కలుపుతారు. పరిమాణం పెంచడానికి నీళ్లు పోస్తారు. నీళ్లు పోశాక నిషా ఉండదు. అప్పుడు పొడి వస్తుంది.

ఆ పొడి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మండువ కల్లుకూ కాంపౌండు కల్లుకూ అసలు తేడా అక్కడే ఉంది. మొదట్లో క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపాం, ఇటీవలి కాలంలో ఆల్ప్రజోలం ఎక్కువగా పట్టుబడుతున్నాయి. మూడూ మెదడు మీద పనిచేసి మత్తు, నిద్ర కలిగించేవే. చివరి రెండూ ఒకే కుటుంబానికి చెందిన మందులు, డాక్టరు చీటీ మీద మిల్లీగ్రాముల లెక్కన, కొద్దికాలానికి వాడవలసినవి. వీటిని డ్రమ్ములో చేత్తో కలిపితే ఏ సీసాలోకి ఎంత పోయిందో కలిపినవాడికి కూడా తెలియదు. ఆల్కహాలుతో కలిసినప్పుడు వీటి ప్రభావం ఇంకా పెరిగి, శ్వాస మందగించే ప్రమాదం ఉంది. అంతకంటే మొండిది అలవాటు. చెట్టు కల్లు తాగే మనిషి నాట్ల కాలంలో నెల రోజులు మానేసినా అతనికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. పొడి కల్లుకు అలవాటుపడిన మనిషి రెండు రోజులు మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి.

అందుకే కల్తీ మీద అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడల్లా ఒక విచిత్రమైన పరిణామం కనిపిస్తుంది. కల్తీ ఆగిపోగానే జబ్బులు తగ్గాలి, కానీ ఆసుపత్రులు నిండుతాయి. 2015లో దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలామంది పిచ్చిపట్టినట్లు ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరారు. వాళ్లు కల్లు తాగి అలా కాలేదు, మందు ఉన్నపళంగా ఆగిపోయి అలా అయ్యారు. దుకాణం మూయించడంతో పాటు తాగేవాళ్లకు వైద్యం ఏర్పాటు చేయకపోతే బాధ దుకాణదారు నుంచి కూలీ ఇంటికి మారుతుంది, అంతే. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగిన వాళ్లలో కొందరు ప్రాణాలు కోల్పోయారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, ఆ కల్లులో ఆల్ప్రజోలం ఉన్నట్లు తేలింది. బాధితుల్లో ఎక్కువమంది రోజుకూలీలు. అంతకుముందు 2004లో ప్రభుత్వం నగరంలోని కల్లు దుకాణాలను మూయించింది, 2014లో తెలంగాణ వచ్చాక వృత్తిదారుల కోరిక మేరకు తిరిగి తెరిపించింది. మూసినప్పుడు గీత కుటుంబాల బతుకు ప్రశ్నగా మిగిలింది, తెరిచినప్పుడు కల్లు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మిగిలింది. రెండుసార్లూ చెట్టుకూ దుకాణానికీ మధ్య ఉన్న దూరం గురించి గట్టి నిర్ణయం ఏదీ జరగలేదు.

చుట్టూ మారిన మద్యం వ్యాపారం కూడా కల్లును తోసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రోసమ్మ వంటి పేద స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వపు సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. రెండేళ్లు దాటగానే 1997లో ఆ నిషేధం సడలిపోయింది గానీ సారా దుకాణం మళ్లీ తెరుచుకోలేదు. సారాకు అలవాటుపడిన కూలీల్లో ఒక భాగం కల్లు దుకాణానికి మళ్లిందని నా అభిప్రాయం. వాళ్లకు కావలసింది సారా ఇచ్చే నిషా, చెట్టు కల్లు ఇవ్వలేనంత నిషా. తర్వాత ప్రతి ఊరికీ బెల్టు షాపు వచ్చాక యువకులు బీరు వైపు, చీప్ లిక్కర్ వైపు పోయారు. కాంపౌండుకు మిగిలింది అతి తక్కువ డబ్బుతో అతి త్వరగా ఒళ్లు నొప్పులు మరిచిపోవాలనుకునే వాళ్లు. మండువలో రెండు గంటలు కూర్చుని మాట్లాడుకుంటూ తాగేవారు. కాంపౌండులో పావుగంటలో సీసా ముగించి లేస్తారు, కొందరు ఆ గోడ పక్కనే ఒరిగిపోతారు. ఆడవాళ్లు ఇప్పటికీ వస్తారు, కానీ పిల్లల్ని చంకనేసుకుని మూలన కూర్చుంటారు. గుడాల బుట్ట ఉన్న చోట ప్యాకెట్ చిప్స్ వేలాడుతున్నాయి.

చెట్టు వైపు చూస్తే అక్కడా నష్టమే. తాటిచెట్టు గీతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పైనే పడుతుంది. తాత నాటిన చెట్టును మనవడు గీస్తాడన్నది ఈ వృత్తిలో అతిశయోక్తి కాదు. ఆ చెట్టును ప్లాట్ల వెంచరు కోసం పొక్లెయిన్ ఒక్క పూటలో పడగొడుతుంది. పొలం గట్ల మీద తాళ్లు ట్రాక్టరుకు అడ్డమని తీసేస్తున్నారు. మిగిలిన చెట్లు ఎక్కే మనుషులు కరువయ్యారు. ఏటా ఎంతోమంది గౌడులు చెట్టు మీద నుంచి పడి చనిపోవడమో, నడుం విరిగి మంచాన పడడమో జరుగుతుంటే, చదువుకున్న కొడుకు మోకు పట్టడానికి ఎందుకు ముందుకొస్తాడు? గీత కార్మికుల కోసం ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో నడుము బెల్టు, తాళ్లు ఉన్న రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ఆ పని ఎన్నో ఏళ్ల క్రితం జరగవలసింది. అంతకుముందు చెట్ల రఖం రద్దయింది, ఈతవనాల పెంపకం మొదలైంది, 2021 నుంచి వైన్ షాపుల కేటాయింపులో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ వచ్చింది. వీటిలో చివరిది మిగతా వాటికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. అది గీత కులానికి వ్యాపారం ఇస్తుంది, గీత వృత్తికి ఏమీ ఇవ్వదు. వైన్ షాపు నడిపే గౌడు తన ఊరి మండువకు పోటీదారుగా మారతాడు.

నీరా విషయంలో జరిగిన ప్రయత్నం వేరు. తెల్లవారకముందే, పులవనీయకుండా, శుభ్రమైన పాత్రలో సున్నం పూసో చల్లదనంలో ఉంచో సేకరిస్తే రసం తియ్యగా నిలుస్తుంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ మొదలైంది. చెట్టుకూ నగరానికీ మధ్య దూరాన్ని పొడితో కాకుండా చల్లని పెట్టెతో దాటవచ్చని అది చూపించింది. ఆ పరిజ్ఞానం కల్లుకు కూడా వర్తిస్తుంది. చల్లగా ఉంచితే పులవడం ఆగిపోదు గానీ బాగా నెమ్మదిస్తుంది. పాలను ఊరూరా సేకరించి చల్లబరచి నగరానికి చేర్చే ఏర్పాటు మన దగ్గర దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. కల్లుకు అటువంటిది ఎందుకు ఆలోచించలేదో గీత సంఘాలు, ఎక్సైజ్ శాఖ రెండూ చెప్పవలసి ఉంది.

ఇంకో మార్పు ప్రభుత్వ ప్రమేయం లేకుండానే వచ్చింది. ఆదివారం పూట హైదరాబాదు నుంచి వరంగల్, నల్లగొండ, మెదక్ వైపు వెళ్లే రోడ్ల పక్కన తాళ్ల కింద ఆగిన కార్లు కనిపిస్తాయి. నగరంలో ఉద్యోగాలు చేసే కుటుంబాలు "చెట్టు కల్లు" కోసం వెతుక్కుంటూ వస్తున్నాయి. గౌడు దించిన లొట్టిలోంచి నేరుగా పోయించుకోవడానికి మామూలు ధరకు రెండింతలు ఇవ్వడానికీ వెనకాడడం లేదు. కొందరు గౌడులు ఫోను మీద ముందే చెప్పించుకుని, వచ్చేవాళ్లను బట్టి కల్లు దించుతున్నారు. దీన్ని నేను సంతోషంగానే చూస్తాను, ఎందుకంటే నిజమైన కల్లుకు నిజమైన ధర వస్తే ఆ వృత్తిలో ఇంకొక తరం మిగిలే ఆశ ఉంటుంది. కానీ మండువను తలుచుకుని అంత దూరం రాగలిగింది కారు ఉన్నవాళ్లే. మండువ ఎవరిదో ఆ రోజుకూలీ ఇప్పటికీ నగరం మధ్యలో, గోడల నడుమ, పొడి కల్లు ముందే కూర్చున్నాడు.

అతని దగ్గరికి మంచి కల్లు చేరాలంటే చేయవలసిన పని అంత చిక్కుదేమీ కాదు, చేయాలన్న పట్టుదల కావాలి. సొసైటీ పరిధిలోని గీత చెట్ల సంఖ్య ఎక్సైజ్ శాఖ దగ్గర ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే చెట్లకు నంబర్లు వేయడం ఆబ్కారీ కాలం నుంచి ఉన్న పద్ధతి. ఒక చెట్టు ఏ కాలంలో రోజుకు సుమారు ఎంత కల్లు ఇస్తుందో గౌడులకు తెలుసు. ఆ రెండింటినీ గుణిస్తే దుకాణం రోజుకు గరిష్ఠంగా ఎంత కల్లు అమ్మగలదో తేలుతుంది. అంతకు మించి ఎంత అమ్మితే అంతా చెట్టు నుంచి రానిదే. ఈ లెక్కను దుకాణం ముందు బోర్డు మీద రాయించి, ప్రతి రోజూ దిగిన కల్లును, అమ్మిన కల్లును సొసైటీ సభ్యులకు కనిపించేలా నమోదు చేయించడానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. ముస్తేదారుకు ఉపగుత్త ఇచ్చిన సొసైటీ లైసెన్సు రద్దవుతుందన్న నిబంధనను నిజంగా అమలు చేస్తే సభ్యులకు వాటా తగ్గుతుంది, నిజమే. ఆ లోటును గీసే సభ్యుడికి గీసినంత ధర దక్కేలా చేసి, ఎక్కలేని వయసు వారికి పింఛను ఇచ్చి పూడ్చవచ్చు. పొడికి అలవాటుపడిన వాళ్లకు జిల్లా ఆసుపత్రుల్లో మెల్లమెల్లగా మాన్పించే వైద్యాన్ని దాడుల తర్వాత కాకుండా దాడుల కంటే ముందే సిద్ధం చేసుకోవాలి. ఇవేవీ జరగనంతవరకు పొడి డ్రమ్ములను పట్టుకున్నారన్న వార్తలు వస్తూనే ఉంటాయి, ఆ మర్నాడు మరో గోడ వెనుక మరో డ్రమ్ము తెరుచుకుంటూనే ఉంటుంది.